గామా కిరణ విస్ఫోటనాలు, విశ్వ రేడియో మూలాలు: వీటి వెనుక ఉన్న భౌతిక కారణాలేమిటి?

ఆకాశంలో ఏదో ఒక దిక్కున, సగటున రోజుకొకసారి, గామా కిరణాల మెరుపు ఒకటి మన ఉపగ్రహాలకు చిక్కుతుంది. సెకనులో కొద్ది భాగం నుంచి కొన్ని నిమిషాల వరకు వెలిగి ఆరిపోతుంది. సూర్యుడు తన వెయ్యి కోట్ల సంవత్సరాల ఆయుష్షులో వెదజల్లే మొత్తం శక్తితో పోల్చదగినంత శక్తిని అది ఆ కొద్దిసేపట్లోనే వెలువరిస్తుంది. మరోవైపు, రేడియో టెలిస్కోపులకు కనిపించే ఆకాశంలో లక్షలాది మూలాలు కోట్ల సంవత్సరాలుగా నిలకడగా ప్రసరిస్తున్నాయి.

మొదటిది క్షణికం, రెండవది దీర్ఘకాలికం. మొదటిది విద్యుదయస్కాంత వర్ణపటంలో అత్యధిక శక్తి గల కొసన ఉంటే, రెండవది అత్యల్ప శక్తి గల కొసన ఉంది. అయినా ఈ రెండింటికీ శాస్త్రజ్ఞులు నేడు ఇస్తున్న వివరణ చాలావరకు ఒక్కటే. ఒక చిన్న, బరువైన కేంద్రం నుంచి కాంతివేగానికి అతి చేరువగా దూసుకువచ్చే పదార్థ ధార. దీనినే జెట్ అంటారు. ఈ వివరణ ఎలా రూపుదిద్దుకున్నది, దేనిని విశదం చేయగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ వ్యాసం.

అణు పరీక్షల నిఘాలో దొరికిన మెరుపు

1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణు పేలుళ్లు జరపరాదన్నది దాని సారాంశం. ఒప్పందం అమలును కనిపెట్టి ఉండడానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాలను లక్ష కిలోమీటర్లకు పైబడిన ఎత్తున నిలిపింది. అణు పేలుడు జరిగితే వెలువడే గామా కిరణాలను గుర్తించడం వాటి పని.

1967 జూలై 2న వాటికి ఒక మెరుపు చిక్కింది. దానికి అణు పేలుడు లక్షణాలు లేవు. తర్వాతి సంవత్సరాల్లో అటువంటివి మరికొన్ని నమోదయ్యాయి. ఒకే మెరుపు వేర్వేరు ఉపగ్రహాలను చేరిన సమయాల్లోని స్వల్ప తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వచ్చిందో స్థూలంగా లెక్కగట్టవచ్చు. లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన రే క్లెబెసాడెల్, ఇయాన్ స్ట్రాంగ్, రాయ్ ఓల్సన్ ఈ పద్ధతిని అనుసరించి, ఆ మెరుపులు భూమి నుంచి గానీ సూర్యుని నుంచి గానీ రావడం లేదని తేల్చారు. 1969 నుంచి 1972 వరకు నమోదైన 16 మెరుపుల వివరాలను 1973లో ప్రకటించారు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. గామా కిరణాలను మామూలు కటకాలతోనూ దర్పణాలతోనూ ఒకచోట కేంద్రీకరించడం సాధ్యం కాదు. కనుక మెరుపు వచ్చిన చోటు కచ్చితంగా తెలియదు. చోటు తెలియనిదే దూరం తెలియదు. దూరం తెలియనిదే శక్తి తెలియదు. చీకట్లో కనిపించే వెలుగు పక్క పొలంలోని లాంతరో, దూరపు కొండ మీది కార్చిచ్చో దూరాన్ని బట్టి తప్ప చెప్పలేము. న్యూట్రాన్ నక్షత్రంపై తోకచుక్క పడడం, నక్షత్రం పైపొర బీటలు వారడం వంటి ఊహలెన్నో వెలువడ్డాయి. 1990ల మొదట్లో లెక్కిస్తే ఇటువంటి సిద్ధాంతాలు వందకు పైగా తేలాయి.

దిక్కు, వ్యవధి, దూరం

ఈ సిద్ధాంతాల్లో చాలావాటిని మూడు కొలతలు వరుసగా పక్కకు తప్పించాయి. మొదటిది దిక్కు. 1991లో నాసా ప్రయోగించిన కాంప్టన్ గామా కిరణ వేధశాల తొమ్మిదేళ్లలో 2,704 మెరుపులను నమోదు చేసింది. ఇవి మన పాలపుంతలోనే పుట్టి ఉంటే, ఆకాశంలో పాలపుంత కనిపించే పట్టీ వెంబడి గుమిగూడి ఉండాలి. కానీ అవి అన్ని దిక్కులా సమానంగా పరచుకుని కనిపించాయి. అయినా వాదం తెగలేదు. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జరిగిన బహిరంగ చర్చలో, ఇవి సుదూర గెలాక్సీల నుంచి వస్తున్నాయని బోడాన్ పచిన్‌స్కీ వాదించగా, మన గెలాక్సీ చుట్టూ ఉన్న విశాల పరివేషం నుంచే రావచ్చని డొనాల్డ్ లాంబ్ వాదించారు.

రెండవది వ్యవధి. ఈ మెరుపులు స్థూలంగా రెండు గుంపులుగా విడిపోతాయని 1993 నాటికి స్పష్టమైంది. రెండు సెకన్ల కంటే తక్కువ కాలం ఉండేవి ఒక గుంపు, అంతకంటే ఎక్కువసేపు నిలిచేవి మరో గుంపు. రెండు గుంపులున్నాయంటే రెండు రకాల కారణాలు ఉండవచ్చు.

మూడవది, నిర్ణాయకమైనది, దూరం. 1997 ఫిబ్రవరి 28న ఇటలీ, నెదర్లాండ్స్ దేశాల ఉపగ్రహం బెప్పోశాక్స్ ఒక గామా మెరుపు చోటనే ఎక్స్ కిరణాల వెలుగును గుర్తించింది. అది క్రమంగా మసకబారుతూ వచ్చింది. ఆ జాడను పట్టుకుని భూమి మీది టెలిస్కోపులు అక్కడ మామూలు కాంతిని కూడా చూడగలిగాయి. మెరుపు ఆరిన తర్వాత మిగిలే ఈ వెలుగును మలివెలుగు అనవచ్చు. అదే ఏడాది మే 8న వచ్చిన మరో మెరుపు మలివెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోప్ విశ్లేషించగా, అది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిందని తేలింది. పచిన్‌స్కీ వాదనే నిలిచింది.

చిన్న చోటు, అపార శక్తి

దూరం తెలియడంతో మరింత కఠినమైన ప్రశ్న ఎదురైంది. గామా మెరుపు తీవ్రత సెకనులో వెయ్యో వంతు కాలంలోనే హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఆ వ్యవధిలో కాంతి ప్రయాణించేది 300 కిలోమీటర్లే. అంటే ఆ మూలం పరిమాణం కూడా కొన్ని వందల కిలోమీటర్లకు మించరాదు. అంత చిన్న చోట అంత శక్తి పోగైతే గామా కిరణాలు ఒకదానితో ఒకటి ఢీకొని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలుగా మారిపోవాలి. బయటికి రాకూడదు. కానీ వస్తున్నాయి.

ఈ వైరుధ్యం నుంచి బయటపడే దారి ఒకటే కనిపించింది. గామా కిరణాలను వెలువరించే పదార్థం మనవైపు కాంతివేగంలో 99.99 శాతానికి మించిన వేగంతో వస్తూ ఉండాలి. అప్పుడు దాని దృష్ట్యా ఆ కిరణాల శక్తి మనకు కనిపించేదాని కంటే చాలా తక్కువ. అది వెలిగే ప్రదేశం కూడా మన తొలి లెక్క కంటే ఎంతో పెద్దదై ఉండవచ్చు. ఆ వేగంతో కదిలే పదార్థం తన కాంతిని ముందువైపు సన్నని శంకువులోకే ప్రసరిస్తుంది. కనుక ఆ శంకువులో మనం ఉంటేనే మెరుపు కనిపిస్తుంది. మనకు కనిపించే ప్రతి మెరుపుకు, వేరే దిక్కులకు తిరిగి ఉన్నందువల్ల కనిపించనివి ఎన్నో ఉంటాయి.

ప్రామాణిక వివరణ ప్రకారం, జెట్‌లో వెనుక నుంచి వేగంగా వచ్చే పొరలు ముందున్న పొరలను తాకినప్పుడు గామా కిరణాలు పుడతాయి. ఆ తర్వాత జెట్ చుట్టుపక్కల వాయువును గుద్దుకుని నెమ్మదిస్తుంది. అప్పుడు మొదట ఎక్స్ కిరణాలు, పిదప మామూలు కాంతి, చివరకు రేడియో తరంగాలు వెలువడతాయి.

ఆ చివరి దశ ఊహ మాత్రమే కాదని 1997 మే 8 నాటి మెరుపే నిరూపించింది. అమెరికాలోని వెరీ లార్జ్ అరే టెలిస్కోప్ దాని నుంచి రేడియో తరంగాలను పట్టుకుంది. గామా మెరుపుకు రేడియో మలివెలుగు దొరకడం అదే మొదటిసారి. అది మొదట్లో మిణుకుమిణుకుమంది. కొన్ని వారాల తర్వాత మిణుకు తగ్గింది. చుక్కలు మిణుకుతాయి, గ్రహాలు మిణకవు. మన కంటికి గ్రహాల బింబం పెద్దది కావడమే అందుకు కారణం. ఆ రేడియో మూలం కూడా మిణకడం మానిందంటే దాని పరిమాణం పెరిగిందన్నమాట. ఎంత వేగంగా పెరిగిందో లెక్కిస్తే దాదాపు కాంతివేగమని తేలింది.

రేడియో ఆకాశం చెప్పిన పాత కథ

కాంతివేగానికి చేరువైన జెట్ అనే భావన గామా మెరుపుల కోసం కొత్తగా పుట్టింది కాదు. రేడియో ఖగోళశాస్త్రం దానిని అప్పటికే సిద్ధం చేసి ఉంచింది.

1930ల ఆరంభంలో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ రేడియో టెలిఫోనుకు అడ్డుతగులుతున్న గరగర శబ్దానికి కారణం వెతుకుతుండగా, ఒక మూలం 23 గంటల 56 నిమిషాలకొకసారి తిరిగి వస్తున్నదని గమనించారు. అది నక్షత్రాల చొప్పున సాగే దినం, సూర్యుని దినం కాదు. ఆ తరంగాలు పాలపుంత కేంద్రం ఉన్న ధనూరాశి వైపు నుంచి వస్తున్నాయని ఆయన 1933లో ప్రకటించారు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక హంస నక్షత్రమండలంలో సిగ్నస్ ఏ అనే బలమైన రేడియో మూలం బయటపడింది. 1950ల్లో వాల్టర్ బాడే, రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ దానిని సుదూర గెలాక్సీగా గుర్తించారు. దూరం సుమారు 75 కోట్ల కాంతి సంవత్సరాలు. రెండు గెలాక్సీలు ఢీకొనడమే ఆ రేడియో వెలుగుకు కారణమని బాడే భావించారు. అయితే 1953లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్‌లో రోజర్ జెన్నిసన్, భారతీయ శాస్త్రవేత్త మృణాల్ కుమార్ దాస్‌గుప్తా కలిసి చేసిన కొలతలు వేరే చిత్రాన్ని చూపాయి. రేడియో తరంగాలు గెలాక్సీ నుంచి కాక, దానికి ఇరువైపులా దూరంగా ఉన్న రెండు విశాలమైన మేఘాల నుంచి వస్తున్నాయి. ఢీకొనడం ఈ జంట రూపాన్ని వివరించలేదు.

ఆ తరంగాలు ఎలా పుడుతున్నాయో సోవియట్, స్వీడిష్ శాస్త్రజ్ఞుల కృషితో అదే దశకంలో స్పష్టమైంది. కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ వెలువరించే ఈ ప్రసరణ పేరు సింక్రోట్రాన్ వికిరణం. అయితే ఆ ఎలక్ట్రాన్లకూ అయస్కాంత క్షేత్రాలకూ కావలసిన శక్తిని జెఫ్రీ బర్బిడ్జ్ లెక్కగట్టినప్పుడు, లక్షలాది సూర్యుల ద్రవ్యరాశి పూర్తిగా శక్తిగా మారితే తప్ప సరిపోదని తేలింది. నక్షత్రాల్లో జరిగే కేంద్రక సంలీనం ద్రవ్యరాశిలో ఒక శాతం కూడా శక్తిగా మార్చలేదు. కృష్ణబిలంలోకి సుడి తిరుగుతూ పడే పదార్థం మాత్రం పదిశాతం వరకు, కొన్ని పరిస్థితుల్లో అంతకు మించి కూడా, శక్తిని విడుదల చేయగలదు.

1963లో మార్టెన్ ష్మిట్ క్వాసార్ల దూరాన్ని కనుగొనడంతో, గెలాక్సీల నడుమ మహా కృష్ణబిలాలు ఉంటాయన్న ఆలోచన బలపడింది. అక్కడి నుంచి ఇరువైపులా వెలువడే జెట్లే దూరంగా ఉన్న రేడియో మేఘాలకు శక్తిని చేరవేస్తున్నాయని 1974లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, మార్టిన్ రీస్ వివరించారు. పొడవైన జెట్‌కు పేరుపొందిన ఎం87 గెలాక్సీ నడుమ సూర్యుని కంటే 650 కోట్ల రెట్లు బరువైన కృష్ణబిలం నీడ 2019లో విడుదలైన చిత్రంలో కనిపించింది.

కాంతిని మించిన వేగమా?

1971లో ఖండాల మధ్య దూరంతో రేడియో టెలిస్కోపులను జతకలిపి పరిశీలించినప్పుడు, కొన్ని క్వాసార్లలోని రేడియో ముద్దలు కాంతి కంటే అనేక రెట్ల వేగంతో కదులుతున్నట్లు కనిపించాయి. ఏ పదార్థమూ కాంతిని మించిపోలేదన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ఇది సవాలుగా తోచింది. క్వాసార్ల దూరాలే తప్పేమోనన్న అనుమానాలు కూడా వ్యక్తమయ్యాయి. అయితే ఇటువంటి దృశ్యం కనిపించవచ్చని రీస్ 1966లోనే ఊహించి ఉన్నారు.

ఒక లెక్క చూద్దాం. ఒక ముద్ద కాంతివేగంలో 98 శాతం వేగంతో, దాదాపు మనవైపే, సుమారు పదకొండున్నర డిగ్రీల వాలులో పదేళ్లు ప్రయాణించిందనుకోండి. ఆ పదేళ్లలో అది మనకు 9.6 కాంతి సంవత్సరాలు దగ్గరవుతుంది, పక్కకు దాదాపు 2 కాంతి సంవత్సరాలు జరుగుతుంది. బయలుదేరినప్పటి కాంతి మనల్ని చేరిన తర్వాత, పదేళ్ల చివరి కాంతి చేరడానికి పట్టే సమయం 0.4 సంవత్సరమే. ఎందుకంటే ముద్ద తన కాంతి వెన్నంటే వచ్చింది. పదేళ్ల కదలిక ఐదు నెలల్లోనే జరిగినట్లు కనిపిస్తుంది. రెండు కాంతి సంవత్సరాలను 0.4తో భాగిస్తే కాంతికి ఐదు రెట్ల వేగం. నిజానికి ఏదీ కాంతిని దాటలేదు. కనుక కాంతిని మించినట్లు కనిపించే వేగం కాంతివేగాన్ని ఉల్లంఘించడం కాదు. జెట్ మనవైపు తిరిగి ఉన్నదనడానికి సాక్ష్యం.

నక్షత్రం కూలినా, జంట కలిసినా

గామా మెరుపుల జెట్‌కు శక్తినిచ్చే కేంద్రాలు రెండు రకాలని నేడు భావిస్తున్నారు. మొదటి వివరణను 1993లో స్టాన్ వూస్లీ ప్రతిపాదించారు. వేగంగా తిరిగే భారీ నక్షత్రం గర్భం కృష్ణబిలంగా కూలిపోతుంది. దాని చుట్టూ సుడి తిరిగే పదార్థం నుంచి పుట్టిన జెట్ నక్షత్రాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. 1998లో ఒక గామా మెరుపు చోటనే సూపర్‌నోవా కనిపించింది. 2003 మార్చి 29 నాటి మెరుపులో సూపర్‌నోవా ముద్ర మరింత స్పష్టంగా బయటపడింది. దీర్ఘ మెరుపులకు ఈ వివరణ స్థిరపడింది.

రెండవది, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోవడం. పొట్టి మెరుపులకు ఇది కారణం కావచ్చని 1980ల నుంచే వాదన ఉంది. దానికి రుజువు 2017 ఆగస్టు 17న లభించింది. ఆనాడు లైగో, వర్గో వేధశాలలు అటువంటి విలీనం నుంచి వచ్చిన గురుత్వ తరంగాలను పట్టుకున్నాయి. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మి ఉపగ్రహానికి గామా మెరుపు అందింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో ఆ వెలుగు కనిపించింది. బంగారం, ప్లాటినం వంటి బరువైన మూలకాలు పుట్టే ప్రక్రియ జాడలు అందులో దొరికాయి.

ఆ మెరుపు దూరానికి తగినంత ప్రకాశవంతంగా లేదు. జెట్ మనవైపు సూటిగా కాక కొంచెం పక్కకు తిరిగి ఉన్నదా, లేక జెట్ అసలు బయటికే రాలేదా అన్న సందేహం మిగిలింది. దానిని తీర్చింది రేడియో తరంగాలే. విలీనం జరిగిన 75వ రోజుకూ 230వ రోజుకూ మధ్య ఆ రేడియో మూలం ఆకాశంలో కొద్దిగా జరిగింది. జరిగిన దూరాన్ని బట్టి చూస్తే కాంతికి నాలుగు రెట్ల వేగం కనిపించింది. క్వాసార్లలో అర్ధశతాబ్దం కిందట చూసిన దృశ్యమే ఇది. జెట్ ఉన్నదని, వాలుగా ఉన్నదని తేలిపోయింది. క్షణంలో ఆరే మెరుపూ, కోట్ల ఏళ్లు వెలిగే రేడియో గెలాక్సీ జెట్టూ ఒకే కొలబద్దకు లొంగాయి.

జెట్ లేని కథ

అన్ని రేడియో సంకేతాలూ జెట్లు కావు. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ గుర్తించిన పల్సార్లు వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలు. వాటి కంటే అంతుచిక్కనివి, సెకనులో కొన్ని వేయో వంతులు మాత్రమే ఉండే క్షణిక రేడియో విస్ఫోటనాలు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్ 2001లో నమోదు చేసిన సమాచారంలో ఇటువంటి మొదటి సంకేతాన్ని డంకన్ లోరిమర్ బృందం 2007లో కనుగొంది. దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు ఆలస్యంగా చేరతాయి. ఆ ఆలస్యాన్ని బట్టి అది పాలపుంత వెలుపలిదని అంచనా వేశారు.

అనుమానాలూ లేకపోలేదు. అదే టెలిస్కోపుకు అందిన, దాదాపు అలాగే కనిపించే మరికొన్ని సంకేతాలు వేధశాల ఆవరణలోని మైక్రోవేవ్ ఓవెన్ తలుపును అది ఆగకముందే తెరవడం వల్ల పుట్టినవని 2015లో తేలింది. లోరిమర్ సంకేతం ఆ కోవలోనిది కాదని కూడా ఆ పరిశోధనే చూపింది.

2020 ఏప్రిల్ 28న మన పాలపుంతలోనే, సుమారు 30,000 కాంతి సంవత్సరాల దూరంలోని ఒక మాగ్నెటార్ నుంచి ఇటువంటి రేడియో విస్ఫోటనం వచ్చింది. మాగ్నెటార్ అంటే అసాధారణమైన అయస్కాంత క్షేత్రం గల న్యూట్రాన్ నక్షత్రం. కెనడాలోని చైమ్ టెలిస్కోప్‌తో పాటు మరో అమెరికా పరికరం దానిని పట్టుకున్నాయి. అదే సమయంలో ఎక్స్ కిరణాలు కూడా వెలువడ్డాయి. కనీసం కొన్ని క్షణిక రేడియో విస్ఫోటనాలకు మాగ్నెటార్లే కారణమని దీనితో రూఢి అయింది. అయితే కొన్ని మళ్లీ మళ్లీ వస్తాయి, చాలావరకు ఒక్కసారే కనిపించాయి. అన్నింటికీ కారణం ఒకటేనా అన్నది తేలలేదు.

భారతీయ పరికరాల పాత్ర

గోవింద్ స్వరూప్ నాయకత్వంలో 1970లో ఊటీ కొండ వాలున నిర్మించిన 530 మీటర్ల పొడవైన రేడియో టెలిస్కోప్, చంద్రుడు అడ్డువచ్చినప్పుడు రేడియో మూలాలు మరుగయ్యే తీరును గమనించి వాటి పరిమాణాలను కొలిచింది. పుణె జిల్లా ఖోడద్ వద్ద 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెనాలతో ఏర్పాటైన జీఎంఆర్‌టీ తక్కువ పౌనఃపున్యాల వద్ద మలివెలుగులను దీర్ఘకాలం వెంబడించగలదు. 2017 నాటి విలీనాన్ని కూడా అది పరిశీలించింది.

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఆస్ట్రోశాట్‌లోని ఒక పరికరం, పని మొదలుపెట్టిన రోజునే, అంటే అక్టోబర్ 6న, గామా మెరుపును నమోదు చేసింది. ఆ తర్వాత వందల మెరుపులను పట్టుకుంది. గామా కిరణాల ధ్రువణాన్ని కొలవగలగడం దాని ప్రత్యేకత. జెట్‌లో అయస్కాంత క్షేత్రం ఎంత క్రమబద్ధంగా ఉన్నదో చెప్పగల కొద్ది ఆధారాల్లో ధ్రువణం ఒకటి.

ఇంకా తేలనివి

మలివెలుగుకు సింక్రోట్రాన్ వివరణ సరిపోతున్నా, అసలు మెరుపు క్షణంలో గామా కిరణాలు ఎలా పుడతాయన్నది వివాదాస్పదమే. పొరల తాకిడి వల్లనా, అయస్కాంత క్షేత్రాలు తెగి అతుక్కోవడం వల్లనా, జెట్ పైపొర వేడి వల్లనా అన్న వాదనలు సాగుతున్నాయి.

వ్యవధిని బట్టి చేసిన విభజన కూడా సడలింది. 2021 డిసెంబర్ 11 నాటి మెరుపు దాదాపు 50 సెకన్లు నిలిచినా, అందులో విలీనం లక్షణాలే కనిపించాయి. 2025 జూలై 2న కొన్ని గంటల వ్యవధిలో ఒకే చోటు నుంచి పలుమార్లు గామా కిరణాలు వచ్చాయి. కూలిన నక్షత్రం మళ్లీ మళ్లీ కూలదు. కృష్ణబిలం ఒక నక్షత్రాన్ని చీల్చివేయడం సహా పలు వివరణలు దీనికి ప్రతిపాదనలో ఉన్నాయి.

ఇవి మనకు దూరపు సంగతులు మాత్రమే కావు. 2022 అక్టోబర్ 9న, సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన మెరుపు ఇప్పటివరకు నమోదైన వాటిలో అత్యంత ప్రకాశవంతమైనది. రేడియో తరంగాలను దూరప్రాంతాలకు మళ్లించే భూమి అయనావరణాన్ని అది కొద్దిసేపు కలతపెట్టింది.

మిగిలిన ప్రశ్నలకు జవాబు కావాలంటే గురుత్వ తరంగాలు, గామా కిరణాలు, రేడియో తరంగాలు ఒకే సంఘటన నుంచి కలిసి అందాలి. అవి ఏ దిక్కు నుంచి వచ్చాయో త్వరగా తేలాలి. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా నిర్మాణానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. భూగోళంపై దూరదూరంగా ఉన్న వేధశాలలను తరంగం చేరే సమయాల్లోని తేడాను బట్టి దిక్కును లెక్కగట్టడంలో అది తోడ్పడుతుంది. వేలా ఉపగ్రహాలు తొలి గామా మెరుపుల దిక్కును వెతికిన పద్ధతి కూడా అదే.